ఒప్పుకున్నారట కదా

మీ మనసు చాలా పెద్దదండీ, అంది పార్లరావిడ, నా నడినెత్తి మీద చల్లటి రంగుముద్ద పెట్టి కుంచెతో పాపిడి పొడుగునా లాగుతూ, ఒప్పుకున్నారట కదా, నేనైతే చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు, నిన్న సారు మా ఆయన దగ్గర క్రాఫు చేయించుకుంటూ చెప్పారు, రేపు మా మరదలి పెళ్ళి నేనే జరిపిస్తున్నాను, మెడ దగ్గర కాస్త చూసి కత్తిరించండి, నలుగురి ముందు నిలబడాలి అని. ఏ సారు అని నేను అడగలేదు. నా చెల్లెల్ని మరదలు అనగలిగినవాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు, కళ్ళద్దాల షాపతను, కొన్నేళ్ళ కిందటి దాకా నా మొగుడు. అద్దంలో నా మొహం వైపు చూశాను, అది నవ్వుతోంది, ఎందుకు నవ్వుతోందో దానికే తెలియాలి. మెడ చుట్టూ బిగించి కట్టిన నల్లటి ప్లాస్టిక్ గుడ్డ, దాని కింద ఎక్కడో నా చేతులు. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అని ఎన్నిసార్లో అన్నాను జీవితంలో, ఆ గుడ్డ ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకత్తె. మొగుడి సంగతి పాతబడిపోయింది, అది మానిపోయి మచ్చ కూడా పడింది. పార్లరావిడకి తెలిసి, ఆవిడ మొగుడికి తెలిసి, క్రాఫుకొచ్చిన వాళ్ళందరికీ తెలిసి, నాకు తెలియకపోవడమే ఇప్పుడు మండుతోంది. రంగు పట్టేదాకా కదలకండి, చెవుల మీద పడితే మరక పోదు, అని చెప్పి ఆవిడ పక్క కుర్చీలో పిల్ల జుట్టు చిక్కు తియ్యడానికి వెళ్ళింది.

కదలకండి. కదలడానికేముంది, ఈ తలతో బయటికి వెళితే కుక్కలు వెంటపడతాయి. కూర్చో, కూర్చుని ఆలోచించు. పెళ్ళి సాయంత్రం, హాలు ఈ వీధి చివరే. మా వాళ్ళలో పెళ్ళి జరిపించడానికి ఇదివరకైతే ఎవరో ఒక పెద్దమనిషి ఉండేవాడు, ఇప్పుడు పిల్లలు తమకి నచ్చిన మనిషిని పెట్టుకుంటున్నారు, ఆ ఒక్క పూటకీ ఎవరు నిలబడితే వాళ్ళకి రిజిస్ట్రారు ఆఫీసువాళ్ళు అనుమతి ఇస్తారు. ఆ మనిషి నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పి, ఇద్దరినీ అడగాల్సింది అడిగి, ఆఖరున పెళ్ళికూతురి తరఫు పెద్ద వైపు తిరిగి, ఇంటి పెద్దగా మీకు సమ్మతమేనా అని అడగాలి. ఆ పెద్ద కుర్చీలోంచి లేచి అందరికీ వినబడేలా సమ్మతమే అనాలి. అన్నాకే పెళ్ళి అయినట్టు. అమ్మ పోయేటప్పటికి చెల్లికి తొమ్మిదేళ్ళు, జడ వేసుకోవడం కూడా రాదు, కాబట్టి ఇంటి పెద్దని నేనే. కానీ ఆ కుర్చీలో పిన్నిని కూర్చోబెడతారనీ, నిలబడి జరిపించే పని నాకిస్తారనీ అనుకున్నాను. అనుకోవడం ఏమిటి, నాకు తెలుసు అనుకున్నాను. చిన్నప్పుడు మంచం మీద రెండు బొమ్మల్ని నిలబెట్టి, అక్కా నువ్వు జరిపించు, నీ మైకు గొంతుతో జరిపించు అని ప్రాణం తీసేది కదా. మొన్నామధ్య గిన్నెలు తుడుస్తూ అడిగింది, అక్కా, మా పెళ్ళి ఎవరి చేత జరిపించమంటావు అని. తువ్వాలు చేతిలో పట్టుకుని, గిన్నె వైపు చూస్తూ అడిగింది. నన్నే జరిపించమంటుందన్నమాట. పిచ్చిమొహం, అడగడానికి మొహమాటపడుతోంది అనుకున్నాను. నేనే నోరు తెరిచి నేను జరిపిస్తానే అంటే బాగుంటుందా, కాస్త బెట్టు చెయ్యాలి కదా, నీ ఇష్టం తల్లీ, నువ్వు ఎవర్ని పిలిచినా నాకు ఇష్టమే అన్నాను. అన్నదెవరు, నేనే. ఆ మాట గుర్తు రాగానే రంగు కింద నెత్తి చల్లగా అయింది.

కిటికీ అవతల, రోడ్డుకి ఎదురుగా, బస్టాండు. అక్కడ నా గొంతు పలుకుతోంది, మూడో నంబరు ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరవలసిన బస్సు ఆలస్యంగా నడుస్తోంది, ప్రయాణికుల అసౌకర్యానికి చింతిస్తున్నాం. నేను ఇక్కడ కదలకుండా కూర్చున్నాను, అక్కడ నేను చింతిస్తున్నాను. పదహారేళ్ళుగా ఆ బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం నాది, నా మొహం చూసి పలకరించని మనిషి కూడా కూరగాయల కొట్లో నేను నోరు తెరవగానే వెనక్కి తిరిగి, మీరా అంటారు. ఆ మధ్య ఒక చలికాలం గోడలకి దూది కుక్కిన గదిలో కూర్చోబెట్టి నా చేత ఊళ్ళ పేర్లన్నీ చెప్పించారు, అంకెలు చెప్పించారు, ఆలస్యంగా, రద్దయింది, వెనక్కి జరగండి, చింతిస్తున్నాం, అన్నీ విడివిడిగా, ఏ మాటలోనూ ఏ భావమూ లేకుండా. ఇప్పుడు మిషనే వాటిని ముక్కలు ముక్కలుగా అతికి పలుకుతుంది. నాకు మిగిలింది తప్పిపోయిన పిల్లలూ, మర్చిపోయిన సంచులూ. మొదట్లో జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజు గాలివాటుకి నా గొంతు నాకే వినబడితే భయం వేసింది. ఇంకోసారి ఆ మిషను రద్దయిన బస్సుని వస్తుందని చెప్పేసింది, జనం పొద్దుగూకేదాకా కాచుక్కూర్చుని నా గది ముందుకొచ్చి గొడవ, నేను అనలేదమ్మా, అది మిషను అంటే ఒక ముసలమ్మ నా మొహంలోకి చూసి అడిగింది, గొంతు నీదే కదమ్మా అని. గొంతు నాదే. మాటలూ నావే. చెప్పింది నేను కాదు. చెల్లి ఆ రాత్రి ఈ కథ విని పడీపడీ నవ్వింది, నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. బాగానే నేర్చుకుంది.

అదంతా ఒక ఎత్తు, మైకు సంగతి ఒక ఎత్తు. గిన్నెల దగ్గర ఆ మాట అయిన మర్నాటి నుంచీ నా గదిలో కూర్చుని పెళ్ళిమాటలు సాధన చేశాను. స్విచ్చి ఆపేసి, మైకు ముందు, నిజంగా మనుషులున్నట్టు. ఈ ఇద్దరూ ఈ రోజు నుంచి ఒకరి ఆలస్యాన్ని ఒకరు క్షమించుకుందురు గాక. ఆ వాక్యం నా సొంతం, దానికి నాలో నేనే మురిసిపోయాను. మూడో రోజో నాలుగో రోజో స్విచ్చి ఆపలేదు. పెళ్ళి మొత్తం బస్టాండంతా మోగింది. ఇంటి పెద్దగా మీకు సమ్మతమేనా అని నేను ఆగగానే అద్దం అవతల నుంచి సమ్మతమే అని ఓ యాభై మంది ప్రయాణికులు అరిచారు, ఒకాయన కండక్టర్ చేతిలో విజిల్ లాక్కుని ఊదాడు. సిగ్గుతో బల్ల కింద దూరాను. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి చెల్లికి ముందే తెలిసిపోయింది, ఇలాంటివి నాకంటే ముందు ఇంటికి చేరతాయి. అది వంటగది గుమ్మంలో నిలబడి ఎంత బాగా చేశావటక్కా అంది, అని, ఇంకేమీ అనలేదు. ఇప్పుడు చూస్తే, ఆ ఇంకేమీ అనకపోవడమే కొట్టొచ్చినట్టు కనబడుతోంది. దానికి తెలుసు. నేను ఎంత ఆశపడుతున్నానో ఊరంతటికీ మైకులో వినబడింది, దానికి వినబడలేదంటే నమ్మను. అప్పటికే అతని దగ్గరికి వెళ్ళి చెప్పి ఉంటుంది, అక్క ఒప్పుకుంది బావా అని.

బావా. ఇంట్లో ఆ పిలుపు ఆగిపోయిందనుకున్నాను. ఆయన కాస్తా అతను అయ్యాడు నా నోట్లో, ఆ తర్వాత అసలు మాటే లేదు. అతను మా బతుకుల్లోకి మొదట వచ్చింది చెల్లి కళ్ళద్దాల వల్లే. బళ్ళో మార్కులు తక్కువొస్తున్నాయని చెల్లిని తిడుతుంటే, ఎవరో చెబితే షాపుకి తీసుకెళ్ళాను, అతను దాన్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు ఒకటి తర్వాత ఒకటి మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా అని గొణుగుతూ అడిగాడు. చెల్లి అన్నిటికీ అక్కనడుగు అంది. అతను నా వైపు తిరిగి, కళ్ళు ఆ పిల్లవండీ అన్నాడు. ఆ మాటకే పడిపోయాను నేను, అందానికీ చందానికీ కాదు. పెళ్ళయ్యాక దానికి సైకిలు నేర్పింది అతనే, లెక్కలు చెప్పింది అతనే, మొదటిసారి కడుపునొప్పి వచ్చి ఏడుస్తుంటే నేను డ్యూటీలో ఉన్నానని పక్కింటావిడని పిలుచుకొచ్చింది అతనే. అవన్నీ నిజాలే, నేను కాదనను. ఆ తర్వాత లెన్సులు అమ్మే కంపెనీ తరఫున వచ్చిన ఆవిడతో వెళ్ళిపోయినవాడూ అతనే. వెళ్ళే రోజు పొద్దున వంటగదిలో నా వెనక నిలబడి ఏదో గొణిగాడు. కుళాయి నీళ్ళ చప్పుడులో వినబడలేదు. ఏంటి అన్నాను, ఏం లేదు అన్నాడు. ఆ ఏం లేదుతో పోయాడు. రెండేళ్ళకి ఆవిడ లేకుండా తిరిగొచ్చి రెండు వీధుల అవతల మళ్ళీ షాపు తెరిస్తే నేను రోడ్డు మార్చుకుని నడవడం మొదలుపెట్టాను. చెల్లి నా చెయ్యి పట్టుకుని, అక్కా, మనకి ఆ మనిషి లేడు అంది. మనకి అంది. నేను ఆ మాటని పట్టుకుని ఇన్నాళ్ళూ లాక్కొచ్చాను.

పార్లరావిడ మళ్ళీ వచ్చి ముద్ద ఆరిందా అని వేలితో నొక్కి చూసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, అదృష్టం, లేకపోతే నాకు చెప్పేవాళ్ళెవరు. నేనే కదిపాను. మా చెల్లి, సారు, బాగానే ఉంటారు కదా ఇద్దరూ అన్నాను, అన్నీ తెలిసినదాన్లా. "బాగా ఉండటమేంటి మేడమ్, గురువారం సారు షాపు మధ్యాహ్నమే కట్టేస్తారు కదా, ఇద్దరూ కూర్చుని చదరంగం. పెళ్ళికొడుకు కూడా అక్కడే కదా తగిలింది, అద్దాల కాడ విరిగిందని వచ్చి. పోతూ పోతూ మీ చెల్లెలు ఇక్కడికొచ్చి మా కుళాయి కింద తల తడుపుకునేది. ఎందుకమ్మా ఈ చలిలో అంటే నవ్వేది, అంతే." నేను అద్దంలో నవ్వుతూనే ఉన్నాను. గురువారం ఈత. అక్కా, ఈత నేర్చుకుంటున్నాను, గురువారం లేటవుతుంది అని చెప్పింది. కాలేజీలో చేరిన ఏడాది నుంచీ గురువారం గురువారం తడి తలతో వచ్చేది. నేను గుమ్మంలోనే తువ్వాలు పట్టుకుని నిలబడేదాన్ని. జలుబు చేస్తుందని దాని తల ఒళ్ళోకి లాక్కుని గట్టిగా రుద్ది తుడిచేదాన్ని, ఎంత నేర్చుకున్నావు, వెల్లకిలా ఈదగలవా అని అడిగేదాన్ని. వెల్లకిలా వచ్చేసిందక్కా అనేది తువ్వాలు లోపలి నుంచి. పెళ్ళికొడుకు, ఆ లెక్కల మాస్టరు, లైబ్రరీలో కలిశాడని చెప్పింది, ఆ అబ్బాయి కూడా మా ఇంట్లో సోఫా మీద కూర్చుని అవునండీ లైబ్రరీలో అన్నాడు, చెవులు ఎర్రబడితే సిగ్గనుకున్నాను. ఎన్ని తువ్వాళ్ళు ఉతికానో. భార్యని వదిలి పోయినవాడు ఒక్కసారి పోయాడు, ఇది ప్రతి గురువారం పోయి తడిసి వచ్చింది.

ఇక్కడికి పంపింది కూడా అదే కదా. అక్కా, నీకు నా తరఫున ఇది, జుట్టుకి రంగు వేయించుకో, నేనే చెప్పి పెట్టాను, సాయంత్రం కుర్చీలో మహారాణిలా కూర్చోవాలి నువ్వు అంది. ఎవరు జరిపిస్తున్నారే అంటే సర్‌ప్రైజ్ అని నా బుగ్గ గిల్లింది. నేనేనేమో, ఆఖరి క్షణంలో చేయి పట్టుకుని పైకి లాగుతుందేమో అనుకుని ఆ వాక్యాన్ని దారి పొడుగునా నెమరేసుకుంటూ వచ్చాను, ఒకరి ఆలస్యాన్ని ఒకరు. ఇప్పుడు లెక్క తేలింది. నేను తయారై వెళ్ళేసరికి హాలు నిండిపోవాలి, అతను అప్పటికే నిలబడి ఉండాలి, జనం మధ్యలోంచి నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చోవాలి నేను. నలుగురి ముందు మింగలేను, కక్కలేను. అతను అడుగుతాడు, నేను సమ్మతమే అంటాను, ఎంత పెద్దమనసో అని అందరూ కళ్ళు తుడుచుకుంటారు. నా చెవిలో ఎంత అందమైన పువ్వు.

ఫోను మోగింది. చెవుల మీద రంగు కాబట్టి పార్లరావిడే నొక్కి స్పీకరు పెట్టి దువ్వెనల పక్కన ఉంచింది. "అక్కా, కడిగేశారా? కారు పంపనా?" ఆ గొంతులో పెళ్ళికళ. నాకు ఒక్క క్షణం అన్నీ మర్చిపోవాలనిపించింది, నిజంగా. "నేను ఒప్పుకున్నానని మీ బావకి చెప్పావట" అన్నాను. అవతల గాజులో, గిన్నెలో, ఏవో గలగలమన్నాయి. "నువ్వే అన్నావు కదక్కా. ఎవర్ని పిలిచినా నాకు ఇష్టమేనని." "అతన్ని పిలుస్తానని అడిగావా?" "అడిగితే వద్దంటావు." "అంటాను." "అందుకే అడగలేదు." ఆ తర్వాత గబగబా, చిన్నపిల్ల లాగా, "నాకు నాన్న గుర్తు లేడక్కా, నాకున్నది ఆయనే, నిన్ను వదిలేశాడు కానీ నన్ను వదల్లేదు, నేనేం చెయ్యను" అంది. నేనేం చెయ్యను. పార్లరావిడ కుంచె కడుగుతూ ఆగిపోయింది. "మరి నేను?" అన్నాను. ఆ మాట నేను అడగకూడదు, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని, కానీ అడిగాను, "నేను ఆశపడ్డానని నీకు తెలుసు కదే." "నువ్వు మాట్లాడితే నాకు బస్టాండులో ఉన్నట్టుంటుందక్కా" అంది. "రోజూ వింటాను కదా. వెనక్కి జరగండి, వెనక్కి జరగండి అని. కోప్పడకు." నేను పెట్టెయ్యమని చెయ్యి గుడ్డ కిందే ఊపాను, ఎవరికీ కనబడలేదు, ఆ ఫోను దానంతటదే ఆగిపోయింది.

కోపం కాదు. కోపమైతే బాగుండును, దానికి నోరుంటుంది. తుమ్మినా దగ్గినా పక్కన కూర్చున్నదాన్ని, దాని చదువు కోసం పండగ రోజుల్లో కూడా డబుల్ డ్యూటీ చేసినదాన్ని, అవేవీ లెక్క కట్టను, కన్నబిడ్డలకి మాత్రం ఎవరు లెక్క కడతారు. అడగలేదు అనేదొక్కటే. అడిగి ఉంటే నేను అరిచేదాన్ని, రెండు రోజులు అన్నం మానేసేదాన్ని, మూడో రోజు ఏమనేదాన్నో నాకు తెలియదు. తెలిసే అవకాశం నాకివ్వలేదు. గిన్నెల దగ్గర అన్న మాటని కత్తిరించి, తీసుకెళ్ళి, అక్కడ అతికింది. గొంతు నాదే. రంగు పట్టవలసిన సమయం ఎప్పుడో దాటిపోయినట్టుంది, నెత్తి చురచురలాడుతోంది, ఆవిడ గడియారం చూసి అయ్యో అంది, అంతలో మళ్ళీ ఫోను. ఈసారి హాల్లోంచి, వెనకాల కుర్చీలు లాగుతున్న చప్పుడు, జనం, ఎవరో పిల్లాడి ఏడుపు. చెల్లి కాదు. "నేను" అన్నాడు అతను, అంత మాత్రం వినబడింది, మిగిలింది గొణుగుడు.

"గట్టిగా చెప్పు. వినబడటం లేదు."

"నీకు ఇష్టమేనని చెప్పింది. లేకపోతే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు ఏడుస్తూ వచ్చి చెప్పింది."

"నేను ఒప్పుకోలేదు."

అవతల ఊపిరి వినబడింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఊపిరి. "అయితే దిగిపోతాను" అన్నాడు, ఈసారి గొణగలేదు. "నువ్వే జరిపించు. మాటలన్నీ నీకు వచ్చట కదా." అదీ చెప్పిందన్నమాట అతనికి, మైకు సంగతి, ఇద్దరూ చదరంగం ముందు కూర్చుని నవ్వుకున్నారన్నమాట. అయినా నా నోట్లో నీళ్ళూరాయి, అబద్ధం ఎందుకు. ఒక్క మాట అంటే చాలు, అతను దిగుతాడు, నల్లటి జుట్టుతో నేను ఎక్కుతాను, నా వాక్యం చెబుతాను. ఎదురుగా నా చెల్లెలు ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో, ఆ అద్దాల్లోంచి, వెనక్కి జరగండి అంటున్నానేమోనని నా వైపు చూస్తూ ఉంటుంది. ఆ పెళ్ళి నాకొద్దు. ఈ పెళ్ళి కూడా నాకొద్దు. కానీ అడగవలసిన ప్రశ్న ఒకటి ఇంకా మిగిలి ఉంది, దానికి జవాబు ఆ దూది గదిలో నా చేత చెప్పించలేదు, ఏ మిషను దగ్గరా లేదు, గిన్నెల దగ్గర నుంచి తెచ్చి అతకడానికీ ఇంక వీల్లేదు.

"దిగకు" అన్నాను. "అక్కడే నిలబడు. నేను వచ్చి కుర్చీలో కూర్చునేదాకా కూర్చోవద్దు. నువ్వు అడగాల్సింది నన్నే కదా. వచ్చాక అడుగు. ఆఖరి వరసలో వాళ్ళకి కూడా వినబడేట్టు అడుగు."

"ఏమంటావు?" అన్నాడు.

"అడిగాక చెబుతాను."

పార్లరావిడ నన్ను లేపి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి తల వెనక్కి వాల్చింది. అదే కుళాయి. మేడమ్, చాలా సేపైపోయింది, కాకినలుపు వచ్చేస్తుందేమో, గబగబా కడిగేస్తాను, అక్కడ అందరూ ఎదురుచూస్తున్నారు అంది కంగారుగా. నిదానంగా కడగండి, ఆరబెట్టి, జడ కూడా వెయ్యండి అన్నాను. వెచ్చటి నీళ్ళు చెవుల వెనక నుంచి దిగాయి, కళ్ళలోంచి కూడా ఏవో దిగాయి, అవీ ఇవీ కలిసిపోయాయి. రోడ్డు అవతల నా గొంతు ఏదో బస్సు పేరు చెప్పి ఆలస్యంగా బయలుదేరుతుందంది, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అంది. అదుగో మీరే, అంది పార్లరావిడ నన్ను నవ్వించాలని.

నేను కాదండీ, అన్నాను.